ఆ టేపులో పాడింది ఎవరు?

రేడియోలో ఒకసారి మోగి ఆగిపోయిన పాటను మళ్ళీ వినేలా చేయడం గురించి ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. ఒకరు కొత్తవలస–కిరండూల్ లైన్‌లో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. అరకు వైపు రైల్వే క్వార్టర్లలో ఉన్న కుర్రతనంలో షార్ట్‌వేవ్ మీద బీబీసీ పెట్టుకుని బీటిల్స్, లెడ్ జెప్పెలిన్ పాటలు విన్నారు. ఆ తర్వాత విశాఖపట్నం ఆకాశవాణిలో వచ్చిన పాటలన్నీ ఏళ్ళ తరబడి క్యాసెట్లకు ఎక్కించారు. వాటిలో కొండ పాటలు చాలా ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి తెచ్చి, శుభ్రం చేసి, అందరికీ వినిపించాలని ఆయన ఆరాటం. రెండో ఆవిడ అరకు మండలంలో ప్రభుత్వ బడి టీచరు. కొండదొరల ఆడపడుచు, ఇంట్లో కూబి మాట్లాడతారు. బయటపెట్టే ముందు ఆగమని ఆయన్ని అడిగారు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే. ఇద్దరి మాటకీ బలం ఉంది. అయినా నా మనసు ఒకవైపు మొగ్గింది, అది దాచను.

పెద్దాయన: అమ్మా, ముందు ఒక సంగతి విను, ఆ తర్వాత నన్ను ఎంతైనా తిట్టు. 1969లో లెడ్ జెప్పెలిన్ వాళ్ళు బీబీసీ వరల్డ్ సర్వీసులో అలెక్సిస్ కార్నర్ నడిపే కార్యక్రమానికి పాడారు. ఆ టేపు బీబీసీలో మిగల్లేదు. అందులో ‘సన్‌షైన్ వుమన్’ అనే పాట వాళ్ళ ఆల్బమ్‌లు వేటిలోనూ లేదు. టేపుతో పాటే పోవలసిన పాట. ఎవరో శ్రోత ఇంట్లో రేడియో ముందు కూర్చుని దాన్ని టేపు చేసుకున్నాడు. గరగరలాడే ఆ రికార్డింగే 2016లో ‘కంప్లీట్ బీబీసీ సెషన్స్’లో అందరికీ దొరికింది. బీటిల్స్ సంగతీ అంతే. 1962 నుంచి 1965 దాకా బీబీసీ రేడియోలో 88 పాటలు, అన్నీ కలిపి 275 సార్లు పాడారు. వాటిలో బీబీసీ తన దగ్గర దాచుకున్నది కొద్దిగానే. 1994లో ‘లైవ్ ఎట్ ది బీబీసీ’ వచ్చిందంటే, ఇళ్ళలో జనం చేసుకున్న టేపుల కోసం కూడా వెతికారు కాబట్టే వచ్చింది. రేడియో స్టేషన్ పాడిస్తుంది, ప్రసారం చేస్తుంది, టేపు చెరిపి మళ్ళీ వాడుకుంటుంది. అప్పట్లో టేపు ఖరీదు అలాంటిది. మన దేశంలోనూ అదే తీరు. దాచేది నాలాంటి పిచ్చివాడే.

టీచరు: మిమ్మల్ని తిట్టడానికి రాలేదు బాబాయిగారూ. మీరు దాచకపోతే ఈ మాట అడగడానికి నాకు సందే ఉండేది కాదు. కానీ మీరు చెప్పిన కథలోనే ఒకటి గమనించండి. ఆ నలుగురు ఎవరో, ఎవరు గిటారు వాయించారో, ఎవరు డ్రమ్స్ మీద ఉన్నారో, ఏ తేదీన పాడారో అందరికీ తెలుసు. పోయింది శబ్దం ఒక్కటే. అది దొరకగానే పని పూర్తయింది. మా పాటల్లో శబ్దం మీ దగ్గర ఉంది, మిగతాది లేదు. మొన్న మీరు వినిపించిన క్యాసెట్‌లో అనౌన్సరు ఏమన్నాడు? అరకు ప్రాంత గిరిజన బృందం థింసా పాటలు పాడుతుంది అన్నాడు. ఏ ఊరి బృందం? పోర్జాలా, బగతలా, కొండదొరలా, కోటియాలా? మోరీ ఊదింది ఎవరు? ఆ ముందు గొంతు ఎవరిది?

పెద్దాయన: అనౌన్సరు చెప్పనిది నేను ఎక్కణ్ణుంచి తేను?

టీచరు: అడిగి తేవాలి. మీకిష్టమైన జెప్పెలిన్ దగ్గరికే వస్తాను. మీరే ఒకసారి చెప్పారు, 1972లో వాళ్ళలో ఇద్దరు, జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్, బొంబాయి వచ్చి ఇక్కడి వాద్యగాళ్ళతో రెండు పాటలు చేశారని. అవి దొంగ రికార్డుల్లో ఏళ్ళ తరబడి తిరిగి 2015లో అధికారికంగా వచ్చాయి. ఆ పాటల పేర్ల పక్కన ఏముంది?

పెద్దాయన: ‘బాంబే ఆర్కెస్ట్రా’ అని.

టీచరు: అంతే కదా. సితార్, తబలా, సారంగి మీద చెయ్యి వేసిన మనుషులు ఒక ఊరి పేరైపోయారు. నలభై మూడేళ్ళు జాగ్రత్తగా దాచి, శుభ్రం చేసి, మంచి పెట్టెలో పెట్టి అమ్మినా వాళ్ళు ఊరి పేరుగానే మిగిలారు. మా పాటకు ఆ గతి పట్టకూడదు.

ఇక్కడ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఆయన ఆల్బమ్‌ల వెనక అట్టలు కూడా కంఠతా పట్టిన మనిషి. అయినా ఆయన దగ్గర అంతకంటే పెద్ద జవాబు ఉంది, దాని పేరు కాలం.

పెద్దాయన: సరే, ఒప్పుకుంటాను. కానీ నువ్వు పేర్లు వెతికేలోగా టేపు చస్తుంది. నా దగ్గర క్యాసెట్లతో పాటు స్పూల్ టేపులు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని కంపెనీల సరుకు సముద్రపు గాలికి తేమ పీల్చుకుంది. మాగ్నెటిక్ పొడిని పట్టి ఉంచే జిగురు మెత్తబడింది. తిప్పితే టేపు హెడ్‌కి అంటుకుని కీచుమంటుంది, గోధుమరంగు పొడి రాలుతుంది. రాలేది పాటే. దాన్ని 50 డిగ్రీల పైన వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. అప్పుడు కొన్నాళ్ళు గట్టిపడుతుంది, ఆ గడువులోనే ఎక్కించుకోవాలి. అంతకంటే పాతవి అసిటేట్ టేపులు. అవి ముదిరితే పుల్లని వాసన వస్తుంది, ముడుచుకుంటాయి. వాటిని వేడి దగ్గరికి తీసుకెళితే మరీ నాశనం. క్యాసెట్లకు బూజు. ఇవన్నీ విడివిడి జబ్బులు తల్లీ. ఒక్కోదానికి ఒక్కో వైద్యం, అన్నిటికీ గడువుంది. మొదట ఉన్నది ఉన్నట్టు 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో దించేస్తాను, ఒక్క ముక్క కొయ్యకుండా. తర్వాత నీ పేర్లు వెతుకుదాం. ముందు ప్రాణం, తర్వాత పేరు.

టీచరు: దించొద్దని నేనెప్పుడూ అనలేదు. ఈ రాత్రే దించండి. నా పేచీ ఆ తర్వాత మీరు చేసే శుభ్రం గురించి, బయటపెట్టడం గురించి. ఒకటి అడుగుతాను. ఆ థింసా పాట మీరు శుభ్రం చేసింది విన్నాను. అది వేగంగా పోతోంది బాబాయిగారూ.

పెద్దాయన: లేదమ్మా. వేగం సరిచూసే చేశాను. కరెంటు మీద నడిచే రికార్డర్‌కి సన్నటి హమ్ ఎక్కుతుంది, అది 50 హెర్ట్‌జ్. టేపు తిప్పినప్పుడు ఆ హమ్ 50 దగ్గర ఉంటే వేగం సరైనదే. 53 చూపిస్తే పాట వేగంగా పోతోందన్న మాట, శ్రుతి కూడా ఇంచుమించు ఒక స్వరస్థానం పైకి పోతుంది. ప్రపంచంలో చాలామంది రికార్డింగులు బాగుచేసేవాళ్ళు పట్టుకునే ఆధారం అదే.

టీచరు: మీ రికార్డర్ ఆ రోజు కరెంటు మీద నడిచిందా?

పెద్దాయన: ఆ రోజు... కొండ మీద కరెంటు ఎక్కడిది? సెల్లుల మీదే.

టీచరు: మరి హమ్ ఎక్కడిది?

పెద్దాయన: ఆ క్యాసెట్‌లో లేదు. పక్క క్యాసెట్‌లో ఉన్నది చూసి అదే లెక్క వేశాను.

ఈ చోట నేను కల్పించుకున్నాను, ఎందుకంటే ఇది రికార్డింగులు బాగుచేసే పనిలో నిజమైన చిక్కు. సెల్లులు నీరసించినకొద్దీ రికార్డర్ మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా తిరిగిన టేపును తర్వాత సరైన వేగంతో తిప్పితే పాట వేగంగా, సన్నగా వినిపిస్తుంది. పైగా అది ఒక్క తీరుగా ఉండదు, క్యాసెట్ మొదట్లో కొంచెం, చివరికొచ్చేసరికి ఎక్కువ. కరెంటు ఉన్న చోట కూడా 50 అనే అంకెను కళ్ళు మూసుకుని నమ్మలేం. దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసింది 2013 డిసెంబరు 31న. అంతకుముందు కొరత రోజుల్లో ఫ్రీక్వెన్సీ 50 కంటే దిగువకు జారడం మామూలే. లండన్‌లో బ్యాండు గిటారుకు ఒక ప్రమాణ శ్రుతి ఉంటుంది, దాన్ని పట్టుకుని వేగం సరిచేయొచ్చు. ఊళ్ళో చేసుకున్న మోరీకి శ్రుతి దాన్ని చేసినవాడి చేతిలో ఉంటుంది.

పెద్దాయన: అయితే ఆ పాట అసలు వేగం ఎవరు చెప్పాలి?

టీచరు: కాళ్ళు చెబుతాయి. థింసాలో ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా అడుగేస్తారు. వరసకు మొదట ఉన్నామె మలుపు తిప్పుతుంటే చివర ఉన్నామె ఎక్కువ దూరం నడవాలి. తుడుము దెబ్బ ఒక హద్దు దాటి వేగమైతే చివరి మనిషి అందుకోలేదు, వరస తెగిపోతుంది. బోడో థింసా వేగం వేరు, గుండేరి థింసా వేగం వేరు. మీ టేపు పట్టుకెళ్ళి మా పెద్దమ్మల ముందు వినిపించండి. నాలుగు అడుగులు వేసి ఇది పరుగెడుతోంది అని చెబుతారు. మోరీ ఊదే పెద్దాయన ఉన్నాడు, వేళ్ళు పెట్టి చూసి ఇంత పైకి మా కర్ర పలకదు అంటాడు. మీ సాఫ్ట్‌వేర్‌కు ఆధారం లేని చోట వాళ్ళే ఆధారం. పేర్లు తర్వాత, పని ముందు అంటున్నారు కదా. ఊరికి వెళ్ళకుండా మీ పనే సరిగా పూర్తి కాదు.

నా మొగ్గు ఎటో ఇక చెప్పనక్కర్లేదు. ఊరి మనిషిని మనం సాధారణంగా కృతజ్ఞతల పేజీలో చేరుస్తాం. ఇక్కడ ఆ మనిషి యంత్రం పక్కన కూర్చోవలసిన నిపుణుడు.

పెద్దాయన: ఇది నాకు తట్టలేదు. ఆ పాట వరకు నీ మాటే. మరి గరగర సంగతి? మన కొండల్లో విశాఖ మీడియం వేవ్ పగలు బలహీనంగా అందేది. రాత్రయితే దూరపు స్టేషన్లు వచ్చి మీద పడేవి, పక్క స్టేషన్‌తో కలిసి సన్నటి ఈల. వానాకాలంలో ఎక్కడ పిడుగు పడ్డా టేపు మీద టప్పున దెబ్బ. అదంతా వింటూ పాట వినమంటే ఈ రోజుల్లో పిల్లలు రెండు నిమిషాలు కూర్చోరు. ఈల తీసేశాను, పిడుగులు తీసేశాను, గరగర తగ్గించాను. అదీ తప్పేనా?

టీచరు: ఈల తీయండి, పిడుగు తీయండి. గరగర తీసేటప్పుడు మాత్రం ఏం పోతోందో చూడండి. అరకులో మా చుట్టూ ఉన్న భాషలు ఒక తల్లి బిడ్డలు కావు. మా కూబి, కువి ద్రావిడ భాషలు. గదబల గుతోబ్ ముండా కుటుంబం. కోటియాలు మాట్లాడే ఆదివాసీ ఒడియా ఇంకో కుటుంబం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మా కూబి మీద పుస్తకం రాశారు, 1969లో వచ్చింది. అందులో ఆయన ఒక్కో ధ్వనిని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో చూడండి. గుతోబ్‌లో, కువిలో మాట మధ్యలో గొంతు టక్కున మూసుకుని తెరుచుకునే చోట్లుంటాయి. ఆ ఖాళీ కూడా ఆ మాటలో భాగమే. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని నిశ్శబ్దం అనుకుని చుట్టూ ఉన్న ఊపిరితో సహా నున్నగా చేస్తుంది. అప్పుడు ఒక మాట ఇంకో మాట అవుతుంది, లేకపోతే ఏ మాటా కాదు. రేపు మా పిల్ల ఆ టేపు విని భాష నేర్చుకుంటే తప్పు నేర్చుకుంటుంది.

పెద్దాయన: మీడియం వేవ్‌లో పై ధ్వనులు ఎలాగూ తెగిపోయి వస్తాయమ్మా. ఐదు వేల హెర్ట్‌జ్ పైన ఏమీ మిగలదు. నేను తీసేదానికంటే రేడియో తీసేసిందే ఎక్కువ.

టీచరు: అందుకే మిగిలిన కాస్తనైనా వదలండి అంటున్నాను. శుభ్రం చేసిన కాపీ ఒకటి, చెయ్యనిది ఒకటి, రెండూ పక్కపక్కన ఉండాలి. ఏది తీశారో రాసి పెట్టాలి.

పెద్దాయన: చెయ్యనిది ఎలాగూ నా దగ్గర ఉంటుంది. రెండూ బయట పెడతాను, పో. జనం తమకు నచ్చింది వింటారు.

టీచరు: అసలు గొడవ అక్కడే. ఎవరు బయటపెట్టమన్నారు?

పెద్దాయన: ప్రసారమైపోయిన పాటమ్మా ఇది! లక్షలమంది చెవుల్లో పడింది. చట్టం ప్రకారం చూసినా ప్రసార హక్కు 25 ఏళ్ళు. ఇవి 1970ల నాటివి.

టీచరు: ఆ 25 ఏళ్ళు స్టేషన్ హక్కుకు. పాడినవాళ్ళ హక్కు అని ఒకటి మన చట్టంలోకి 1994లో వచ్చింది, తర్వాత దాన్ని 50 ఏళ్ళు చేశారు. 1970లలో పాడినవాళ్ళకు అది ఎంతవరకు వర్తిస్తుందో కోర్టులు చూసుకుంటాయి. నేను చట్టం గురించి అడగడం లేదు. మీ క్యాసెట్లలో ఒక ముసలావిడ ఒంటరిగా పాడిన పాట ఉంది. వాద్యం లేదు. మీరు దాన్ని ‘ప్రకృతి గీతం’ అని రాసుకున్నారు. అది చావు జరిగిన ఇంట్లో పాడే పాట. ఆ రోజు స్టూడియోలో అడిగినవాళ్ళకు ఏం చెప్పి పాడిందో, ఎవరి బలవంతం మీద పాడిందో, ఇష్టపడి పాడిందో నాకు తెలియదు. కానీ మా దగ్గర ఏ పాటైనా ఏ రోజైనా పాడరు. చైత్రంలో వేట పండగకు పాడేది ఆ నెలలోనే పాడతారు. అది పొద్దున్నే టీ తాగుతూ ఫోన్లో వినే పాట కాదు.

పెద్దాయన: అలా అనుకుని దాచుకుంటూ పోతే చివరికి పాడేవాళ్ళూ ఉండరు, వినేవాళ్ళూ ఉండరు. అమెరికాలో ఒమాహా అనే తెగ ఉంది. 1890లలో ఆలిస్ ఫ్లెచర్, ఒమాహా మనిషే అయిన ఫ్రాన్సిస్ లాఫ్లెష్ కలిసి వాళ్ళ పాటలు మైనపు సిలిండర్ల మీద ఎక్కించారు. ఆనాడు వాళ్ళు సంకోచించి ఆగిపోయి ఉంటే? 1979లో ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్టు పెట్టి ఆ సిలిండర్లన్నీ టేపులకు ఎక్కించి తెగలకు తిరిగి ఇచ్చారు. ముత్తాతల గొంతులు మనవలు విన్నారు. ఎక్కించినవాడి పుణ్యమే కదా అది!

టీచరు: పుణ్యమే. నేను కాదనను. మీరు చేసింది కూడా అలాంటి పనే, అందుకే మీ గుమ్మంలోకి వచ్చాను. కానీ ఆ కథ చివరిదాకా చెప్పండి. 1985లో ఆ పాటలు కొన్ని ఎల్‌పీగా వచ్చాయి. అంతకుముందు తెగవాళ్ళ దగ్గరికి టేపులు వెళ్ళాయి, వాళ్ళు విన్నారు, వాళ్ళతో కలిసే ఆ ఎల్‌పీ తయారైంది. మన దేశంలోనూ 1982లో పెట్టిన ఆర్కైవ్ ఒకటుంది, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ళది. విదేశీ పండితులు ఇక్కడ రికార్డు చేసి పట్టుకుపోయిన సంగీతం కాపీలు ఇక్కడికి తేవడం వాళ్ళు పెట్టుకున్న పనుల్లో ఒకటి. టేపు ఇచ్చినవాళ్ళు ఎవరు వినొచ్చో షరతు పెట్టుకోవచ్చు. దాచడానికీ దాపరికానికీ మధ్య ఇంత దారి ఉంది. బీటిల్స్ పాటలు ఎవరికి తిరిగి ఇవ్వాలో మీకు ప్రశ్న రాలేదు, ఎందుకంటే వాళ్ళకు కంపెనీ ఉంది, వకీళ్ళున్నారు. మావాళ్ళకు మీరు వెళ్ళి తలుపు తట్టడం ఒక్కటే దారి.

పెద్దాయన: వెళ్ళి అడిగితే ఒక ఊరివాళ్ళు మాది అంటారు, పక్క ఊరివాళ్ళు మాది అంటారు. కొందరు డబ్బులెంత అంటారు. కొందరు తీసెయ్యమంటారు. నాకు డెబ్భై దాటాయమ్మా. ఎన్ని ఊళ్ళు తిరగను?

టీచరు: డబ్బులెంత అని అడిగితే తప్పేముంది? మీ బీటిల్స్, జెప్పెలిన్ ఎల్‌పీలు మీరు డబ్బిచ్చి కొనుక్కున్నవే కదా. తీసెయ్యమంటే తీసెయ్యండి. అంటే చెరిపెయ్యమని కాదు, బయటపెట్టొద్దని.

పెద్దాయన: చావు పాట బయటపెట్టను. మాటిస్తున్నాను. కానీ ఆ ఫైలు నా దగ్గర ఉంటుంది.

టీచరు: ఊళ్ళో కూడా ఉండాలి.

పెద్దాయన: ఊళ్ళో ఎక్కడ? ఒకచోట ఉన్న ఫైలు లేనట్టే లెక్క. మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో. హార్డ్ డిస్క్ ఐదారేళ్ళకోసారి మార్చాలి, మధ్యమధ్య తెరిచి చూడాలి. పంచాయతీ బీరువాలో పెట్టి మరిచిపోతే నా క్యాసెట్ కంటే ముందే పోతుంది. ఆ బాధ్యత తీసుకునే మనిషిని చూపించు, రేపే ఇస్తాను.

నిజానికి ఈ ఒక్క మాటలో పెద్దాయన గెలిచారనే చెప్పాలి. తిరిగి ఇవ్వడం అని మనం తేలిగ్గా అంటాం. అందుకున్న చోట ఎవరో ఒకరు ఏటేటా దాన్ని కాపాడుతూ ఉండాలి. కొండ మీద ఆ పనికి జీతం ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

టీచరు: నేనే తీసుకుంటాను. బదిలీ అయ్యేదాకా బడి కంప్యూటర్లో ఒక కాపీ. మా తమ్ముడి ఇంట్లో ఒకటి. మీ దగ్గర ఒకటి. బదిలీ అయితే ఏంచేయాలో అప్పటికి ఒక మనిషిని తయారు చేస్తాను. పదో తరగతి పిల్లలకు ఈ పని నేర్పండి, మీకు తెలిసిన జబ్బులు, వైద్యాలు అన్నీ. వచ్చే సంతరోజు మీరు కొండకు రండి. ఆ థింసా పాట వినిపిద్దాం.

పెద్దాయన: వస్తాను. రికార్డర్ తెచ్చుకుంటాను.

టీచరు: రికార్డర్ వద్దు. నోటుబుక్కు తెచ్చుకోండి.

పెద్దాయన: అది కుదరదమ్మా. ఆ పాట విన్నప్పుడు వాళ్ళలో ఎవరో ఇది ఫలానావాడి గొంతు అంటారు. ఇంకెవరో కాదు, వాడి అన్నది అంటారు. ఆ తగువు నోటుబుక్కులో పట్టదు. ఆ తగువే రేపు ఈ పాటకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం.

టీచరు: అయితే ముందు వాళ్ళను అడగండి. వద్దంటే మూసి సంచిలో పెట్టెయ్యాలి.

పెద్దాయన: ఒప్పుకుంటే?

టీచరు: ఒప్పుకుంటే మొదట రికార్డర్‌లో వాళ్ళ పేర్లు చెప్పించండి.